డోడో పక్షి, తంబలకోక్ విత్తనం: ఒక సిద్ధాంతంపై విమర్శ

విత్తనాల సుప్తావస్థను గురించి బోధించేటప్పుడు ఒక కథ తరచుగా వినవస్తుంది. హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవిలో తంబలకోక్ అనే పెద్ద చెట్టు ఉన్నది. దాని పండ్లను పూర్వం డోడో పక్షి తినేది. పండులోని గట్టి టెంక ఆ పక్షి కందనకాయలో అరిగి, పలుచబడి, బయటికి వచ్చిన తరువాతనే మొలకెత్తేది. 17వ శతాబ్దంలో డోడో జాతి అంతరించింది. పక్షి పోయింది గనుక టెంకలను అరగదీసేవారు లేకపోయారు. విత్తనాలు మొలవటం మానినవి. ముసలి చెట్లు మాత్రం మిగిలి, అవి కూడా ఒక్కొక్కటిగా రాలిపోతున్నవి. ఇదీ కథ.

కథ ముచ్చటగా ఉన్నది. ఒక జీవిని మనిషి రూపుమాపితే దానిని నమ్ముకొన్న మరొక జీవి కూడా నశిస్తుందనే నీతి ఇందులో ఉన్నది. అందువల్లనే ఇది పాఠ్యగ్రంథాలలోకి సులభంగా ప్రవేశించింది. అయితే నీతి మంచిదైనంత మాత్రాన కథ నిజం కాజాలదు. ఈ కథకు ఆధారంగా నిలిచిన ప్రయోగం ఎంతటిది, దాని నుంచి తీసిన నిర్ణయం ఎంతవరకు చెల్లుతుంది అన్నది పరిశీలింపదగిన విషయం.

సుప్తావస్థ అంటే ఏమిటి?

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. గాదెలో నిలవచేసిన ధాన్యపు గింజ మొలవదు. కారణం దానికి నీరు అందకపోవటమే. తడిపి కట్టితే రెండు మూడు రోజుల్లో మొలక వస్తుంది. ఇది సుప్తావస్థ కాదు. ప్రాణమున్న విత్తనానికి తగినంత నీరు, గాలి, వెచ్చదనం సమకూర్చినప్పటికీ అది మొలవకుండా ఉన్నప్పుడే దానిని సుప్తావస్థ అంటారు.

ఈ నిద్రకు కారణం అన్ని విత్తనాలలో ఒకటి కాదు. తుమ్మ, రేల వంటి చెట్ల గింజలకు పైపొర నీటిని లోపలికి రానివ్వదు. ఆ పొర ఎక్కడో ఒకచోట చీలినా, అరిగినా నీరు దిగి గింజ ఉబ్బి మొలుస్తుంది. కొన్ని మొక్కలలో విత్తనం రాలేనాటికి లోపలి పిండం ఇంకా పూర్తిగా ఎదిగి ఉండదు. అది ఎదిగేవరకు మొలక రాదు. మరికొన్నింటిలో పొర నీటిని అడ్డదు, పిండమూ పూర్తిగా ఎదిగే ఉంటుంది, కాని పిండంలోని రసాయనాలే పెరుగుదలను ఆపుతవి. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను నిద్రను నిలబెడితే, జిబ్బరెల్లిన్ అనే హార్మోను మేలుకొలుపుతుంది. కొన్ని జాతులలో వెలుతురు కూడా ఈ పని చేస్తుంది. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధనాలయంలో 1952లో లెట్యూస్ విత్తనాలపై జరిగిన ప్రయోగాలలో ఎర్రని వెలుగు మొలకను ప్రోత్సహిస్తుందని, దానివెంటనే దూరపు ఎరుపు కిరణాలు పడితే ఆ ఫలితం తారుమారవుతుందని తేలింది.

దీనికి రైతులెరిగిన ఉదాహరణ వేరుశనగ. గుత్తిరకాల గింజలకు సుప్తావస్థ దాదాపు లేదు. కోతకు వచ్చిన సమయంలో వాన పడితే కాయలు భూమిలోనే మొలకెత్తి పంట నష్టమవుతుంది. తీగరకాల గింజలు అట్లా వెంటనే మొలవవు. వాటికి కొన్ని వారాల నిద్ర ఉంటుంది. రెండింటికీ పైన పెంకు ఉన్నది. తేడా పెంకులో లేదు, గింజలోనే ఉన్నది.

సోవియట్ శాస్త్రజ్ఞురాలు నికొలాయెవా 1960 దశకంలో ఈ భేదాలన్నింటినీ వర్గీకరించి చూపింది. ఆ పద్ధతినే కొద్దిపాటి మార్పులతో ఈనాటికీ శాస్త్రజ్ఞులు అనుసరిస్తున్నారు. కనుక గట్టి పెంకు కనిపించిన ప్రతిచోటా సుప్తావస్థకు ఆ పెంకే కారణమని తలచరాదు. మూసిన తలుపు తెరుచుకోకపోతే తలుపు బరువైనా కారణం కావచ్చు, నెట్టేవాడికి బలం చాలకపోవటమైనా కారణం కావచ్చు. టెంక గల విత్తనాలలో రెండవ కారణం ఎక్కువగా కనిపిస్తుంది. పిండానికి బలం వచ్చిన రోజున అదే టెంక దానంతటదే విచ్చుకొంటుంది.

మూలవ్యాసంలో ఉన్న సంగతులు

డోడో కథకు మూలం 1977 ఆగస్టులో అమెరికా దేశపు 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక చిన్న వ్యాసం. రచయిత స్టాన్లీ టెంపుల్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు. మారిషస్ దీవిలో అరుదైన పక్షుల రక్షణకై పనిచేసినవాడు. ఆ దీవి అడవులతో ఆయనకు ప్రత్యక్ష పరిచయం ఉన్నది.

ఆయన వాదంలో మూడు మెట్లు ఉన్నవి. మొదటిది, తంబలకోక్ చెట్లు దీవిలో 13 మాత్రమే మిగిలినవి, అవన్నీ 300 సంవత్సరాలు దాటినవి. రెండవది, ఆ చెట్లు నేటికీ మంచి విత్తనాలు కాస్తున్నా వాటిలో ఒక్కటీ మొలవటం లేదు. డోడో నశించి కూడా సుమారు 300 ఏళ్లే అయినది గనుక రెంటికీ సంబంధం ఉండాలి. మూడవది ప్రయోగం. డోడో లేదు గనుక దానికి బదులుగా టర్కీ కోళ్లను ఎన్నుకొని, వాటిచేత 17 టెంకలను బలవంతంగా మింగించాడు. ఏడు టెంకలు కందనకాయలలో నలిగి పిండి అయినవి. మిగిలిన పదింటిని కోళ్లు ఆరు రోజుల వరకు కడుపులో ఉంచుకొని బయటికి విడిచినవి. ఆ పదింటిని నాటగా మూడు మొలిచినవి. గడచిన 300 ఏళ్లలో మొలిచిన మొదటి తంబలకోక్ విత్తనాలు బహుశా ఇవే కావచ్చునని ఆయన సూచించాడు.

ఊహలో దోషం లేదు. డోడో కందనకాయలో రాళ్లు ఉండేవి. పక్షులు, జంతువులు పండ్లు తిని విత్తనాలను వ్యాపింపజేయటం ప్రకృతిలో సర్వసాధారణం. ఒక చెట్టు ఎందుకు క్షీణిస్తున్నదో ఆలోచించి, చేతికందిన పక్షితో ప్రయోగానికి పూనుకోవటం మెచ్చుకోదగినదే. చిక్కు అంతా ప్రయోగం జరిగిన తీరులోను, దాని నుంచి తీసిన నిర్ణయంలోను ఉన్నది.

పోలిక లేని ప్రయోగం

పాఠశాలలో చిక్కుడు గింజలతో ప్రయోగం చేసే విద్యార్థి కూడా ఒక నియమం పాటిస్తాడు. నీరు అవసరమని చూపదలచితే నీరు పోసిన కుండీ ఒకటి, పోయని కుండీ ఒకటి పక్కపక్కన ఉంచుతాడు. రెండవ కుండీ లేకపోతే మొదటి కుండీ ఏమీ చెప్పదు. టెంపుల్ ప్రయోగంలో ఆ రెండవ కుండీ లేదు. కోళ్లకు పెట్టని టెంకలను అదే నేలలో, అదే సమయంలో నాటి చూడలేదు.

ఈ లోపం ఎంతటిదో ఒక లెక్కవల్ల తెలుస్తుంది. పక్షి సహాయం లేకుండానే ఈ విత్తనాలలో నాలుగింట ఒకటి చొప్పున మొలుస్తవని మాటవరసకు అనుకొందాం. అప్పుడు ఏ పది విత్తనాలను నాటినా మూడు గాని, అంతకు మించి గాని మొలిచే అవకాశం నూటికి 47 పాళ్లు ఉంటుంది. అనగా రూపాయి బిళ్లను ఎగురవేస్తే బొమ్మ పడే అవకాశానికి దాదాపు సమానం. కాబట్టి పదింట మూడు మొలకలన్న ఫలితం కోడి కడుపు చేసిన మేలు కావచ్చు, ఏమీ కాకనూ పోవచ్చు. ఆ ప్రయోగాన్ని బట్టి నిర్ణయించటం సాధ్యం కాదు.

పోలిక ఎందుకు అవసరం లేదనిపించింది? 300 ఏళ్లుగా ఒక్క విత్తనమూ మొలవలేదన్న నమ్మకమే పోలిక స్థానంలో నిలిచింది. విత్తనం పక్షి లేకుండా మొలవదు అన్నది నిరూపించవలసిన విషయం. దానినే ఆధారంగా తీసుకొని ప్రయోగఫలితాన్ని వివరించటం వలన వాదం తన చుట్టూ తానే తిరిగింది.

నలిగిపోయిన ఏడు టెంకలను కూడా మరువరాదు. మింగినవాటిలో నూటికి 41 వంతులు పూర్తిగా నాశనమైనవి. మొత్తం 17 టెంకలకు మొలకలు మూడే. డోడో కందనకాయ కూడా ఇట్లాగే పనిచేసి ఉంటే ఆ పక్షి విత్తనాలకు మిత్రమే గాక శత్రువు కూడా అయి ఉండాలి.

పాత గ్రంథాలలో ఉన్న సమాధానం

వ్యాసం వెలువడిన రెండేళ్లకు, 1979లో, మారిషస్ అటవీశాఖకు చెందిన ఓవాడల్లీ అదే 'సైన్స్' పత్రికలో ఆక్షేపణ ప్రకటించాడు. టెంపుల్ సమాధానమూ అదే సంచికలో వెలువడింది. ఓవాడల్లీ ఆక్షేపణకు ముఖ్యబలం కొత్త ప్రయోగం కాదు, అంతకు 38 ఏళ్ల ముందే అచ్చయిన పరిశోధన. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానానికి అధిపతిగా ఉండిన ఆర్థర్ హిల్ 1941లో ఈ చెట్టు టెంకను, అది మొలకెత్తే తీరును వర్ణించాడు. టెంకను అరగదీయకుండానే విత్తనం మొలిచింది. టెంక చుట్టూ బలహీనమైన రేఖ ఒకటి ఉన్నది. లోపలి పిండం ఉబ్బి నెట్టినప్పుడు టెంక ఆ రేఖ వెంట పగిలి రెండుగా విచ్చుకొంటుంది. అనగా ఈ కోటకు గోడను కూల్చవలసిన పని లేదు, ద్వారం ముందే ఏర్పాటై ఉన్నది. 1946లో కింగ్ అనే అటవీశాస్త్రజ్ఞుడు కూడా అరగదీయని విత్తనాలు మొలిచినట్లు నమోదు చేశాడు.

చెట్ల సంఖ్య, వయస్సుల విషయం కూడా నిలువలేదు. తంబలకోక్ కాండంలో వార్షిక వలయాలు ఏర్పడవు. అందుచేత దాని వయస్సును సరిగా లెక్కకట్టటం సాధ్యం కాదు. డోడో నశించిన తరువాత పుట్టిన చెట్లు కూడా అడవిలో ఉన్నవని, మొత్తం చెట్లు 13 కావు, కొన్ని వందలని ఆ దీవుల జీవజాలాన్ని ఎరిగిన చెక్, స్ట్రామ్ అనే నిపుణులు తెలిపారు. లేతచెట్లు అదే కుటుంబపు మరికొన్ని జాతులను పోలి ఉండటంవల్ల గుర్తుపట్టటం కష్టం. గుర్తుపట్టలేకపోవటాన్ని లేకపోవటంగా లెక్కించారన్నమాట. 1991లో విట్మర్, చెక్ కలిసి మొత్తం వాదాన్ని పునఃపరిశీలించి, డోడో లేనిదే తంబలకోక్ లేదన్న సిద్ధాంతం నిలవదని తేల్చారు.

ఈ చెట్టు సపోటేసీ కుటుంబానికి చెందినది. సపోట, ఇప్ప, పొగడ అన్నీ ఆ కుటుంబంలోనివే. ఇప్పగింజకు నిద్ర అన్నదే లేదు. తొలకరికి రాలి కొద్దిరోజుల్లో మొలుస్తుంది. ఆలస్యమైతే జీవశక్తినే కోల్పోతుంది. ఒకే కుటుంబంలో ఇంత భేదం ఉన్నప్పుడు ప్రతి జాతి విత్తనాన్నీ విడిగా పరీక్షించవలసిందే గాని, కవచం గట్టిదనాన్ని చూసి నిర్ణయించరాదు.

సహాయం వేరు, అవసరం వేరు

ఈ వివాదంలో పాఠకులు ముఖ్యంగా గ్రహించవలసిన భేదం ఒకటి ఉన్నది. పక్షి కడుపులో పడటం విత్తనానికి మేలు చేయవచ్చు. పండు గుజ్జు తొలగిపోవటంవల్ల బూజు పట్టకుండా ఉండవచ్చు. తల్లిచెట్టు నీడకు దూరంగా పడవచ్చు. పైపొర కొంత అరగవచ్చు. ఇవన్నీ సహాయాలు. 'అది లేకపోతే మొలవనే మొలవదు' అనటం అవసరాన్ని చెప్పటం. మొదటిదానికి ఉన్న ఆధారంతో రెండవదానిని నిర్ణయించటమే ఈ కథలోని అసలు తప్పు.

అనేక జాతులపై జరిగిన పరిశోధనలను 1998లో ట్రావెసెట్ అనే శాస్త్రజ్ఞురాలు సమీక్షించింది. జంతువుల కడుపు గుండా పోవటంవల్ల సుమారు సగం జాతులలో మాత్రమే మొలకెత్తటంలో మార్పు కనిపించింది. మేలు జరిగిన సందర్భాలు కీడు జరిగిన సందర్భాలకు సుమారు రెండింతలు. కనుక మేలు తరచుగా ఉన్నమాట నిజమే, కాని అది నియమం కాదు.

చెట్టుకు జరిగే నష్టం

ఇది కేవలం పండితుల తగవు అయితే పాఠశాలలకు అంత ముఖ్యం కాదు. కాని రోగనిర్ణయం తప్పితే మందు కూడా తప్పుతుంది. చెట్టు క్షీణించటానికి డోడో లేకపోవటమే కారణమైతే చేయగలిగినది టర్కీ కోళ్లను పెంచటమే. కాని మారిషస్‌లో ప్రత్యక్షంగా కనిపించే కారణాలు వేరు. మనుష్యులు అడవులను నరికివేశారు. బయటినుంచి తెచ్చిన పందులు రాలిన పండ్లను, మొక్కలను పాడుచేస్తవి. ఆగ్నేయ ఆసియానుంచి వచ్చిన కోతులు పండ్లను పండకముందే కోసి పారవేస్తవి. విదేశపు జామ జాతి ఒకటి దట్టంగా అల్లుకొని లేతమొక్కలకు వెలుతురు దక్కనివ్వదు. మొలక రాకపోవటం కంటే వచ్చిన మొలక బతకకపోవటమే పెద్ద సమస్య. దానికి మందు కంచె వేయటం, కలుపును తీయటం, నారుమడిలో మొక్కలను పెంచి నాటటం.

మారిషస్ తెలుగువారికి బొత్తిగా కొత్తచోటు కాదు. 19వ శతాబ్దంలో చెరకుతోటల పనికి కోస్తా జిల్లాల నుంచి వెళ్లినవారి సంతతి అక్కడ ఈనాటికీ ఉన్నది. ఆ చెరకుతోటలు లేచినచోట అంతకుముందు అడవులు ఉండేవి. చెట్టు చరిత్రను చెప్పేటప్పుడు పక్షి ఒక్కదానినే చెప్పి, నేలకు జరిగినదానిని విడిచిపెట్టరాదు.

వ్యాప్తిలోకి తెచ్చినవారి బాధ్యత

ప్రసిద్ధ శాస్త్రరచయిత స్టీఫెన్ జే గూల్డ్ ఈ కథను 1978లో ఒక వ్యాసంలో చెప్పాడు. 1980లో ఆ వ్యాసాన్ని 'ది పాండాస్ థమ్' అనే గ్రంథంలో చేర్చేటప్పుడు, మధ్యలో వచ్చిన ఆక్షేపణను, దానికి టెంపుల్ ఇచ్చిన సమాధానాన్ని అనుబంధంగా జోడించాడు. సామాన్యపాఠకులకోసం వ్రాసేవారు చేయవలసినది ఇదే. కథను మాత్రం తీసుకొని అనుబంధాన్ని విడిచిన గ్రంథాలవల్లనే పొరపాటు ఇన్నేళ్లు నిలిచింది. ఖండన ఆధారాలతోను, మినహాయింపులతోను నడుస్తుంది గనుక కథ నడిచినంత వేగంగా నడవలేదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విమర్శను విద్యార్థులు తమ చేతులతోనే పరీక్షించవచ్చు. మేకలు తుమ్మకాయలను ఇష్టంగా తింటవి. దొడ్డిలో పడిన గింజలు బాగా మొలుస్తవని కాపరులకు, అటవీశాఖవారికి తెలిసిన సంగతే. ఒకే చెట్టు నుంచి ఏరిన తుమ్మగింజలను మూడు భాగాలు చేయాలి, ఒక్కొక్క భాగానికి 25 గింజలు. మొదటి భాగాన్ని ఏమీ చేయకుండా నాటాలి. రెండవ భాగాన్ని మరిగించి దించిన నీటిలో వేసి, ఒక రోజంతా ఆ నీటిలోనే నాననిచ్చి నాటాలి. మూడవ భాగాన్ని మొలక వచ్చే కొనను వదిలి, పక్కన గరుకు కాగితంపై రుద్ది నాటాలి. నాలుగవ భాగంగా మేకలదొడ్డి నుంచి ఏరిన 25 గింజలను నాటాలి. నెలరోజులపాటు ఏ రోజు ఎన్ని మొలిచినవో పట్టికలో వ్రాయాలి.

పట్టిక పూర్తి అయిన పిమ్మట ఉపాధ్యాయుడు మొదటి మూడు వరుసలను కాగితంతో కప్పి, దొడ్డి గింజల వరుసను మాత్రమే చూపి, 'దీనినిబట్టి తుమ్మగింజ మొలవటానికి మేక అవసరమని చెప్పవచ్చునా?' అని అడగాలి. తరువాత కాగితం తీయాలి. మేక చేసిన పనిని వేడినీరు, గరుకు కాగితం కూడా చేశాయా, ఏమీ చేయని గింజలలో కూడా కొన్ని మొలిచాయా అన్నది అప్పుడు కళ్లెదుట ఉంటుంది. మేక నమిలి నాశనం చేసిన గింజలు దొడ్డిలో కనిపించవని, అందుచేత నాలుగవ వరుస లెక్క కొంత మోసపుచ్చుతుందని కూడా విద్యార్థులచేత చెప్పించాలి.

డోడో కథను తరగతిలో చెప్పకూడదని ఈ విమర్శ ఉద్దేశం కాదు. చెప్పవలసినదే, కాని 17 టెంకల లెక్కతో, లేకపోయిన పోలికతో, హిల్ చూసిన పగులురేఖతో, ఓవాడల్లీ ఆక్షేపణతో కలిపి చెప్పాలి. అట్లా చెప్పినప్పుడు విద్యార్థికి విత్తనపు నిద్ర ఒక్కటే గాక, ఒక నిర్ణయం ఎంత ఆధారాన్ని కోరుతుందో కూడా బోధపడుతుంది.